డాక్టరమ్మ ద్వారబంధం

పోయిన శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి నడిచి వస్తుంటే పంజాగుట్ట సందులో ఒక టేకు ద్వారబంధం గోడకు ఆనించి కనిపించింది. తలుపు లేదు, గడప లేదు, ఒట్టి చట్రం. పాత కట్టడాలు కూలగొట్టే చోట ఇలాంటివి రోజూ కనిపిస్తూనే ఉంటాయి, ఎవరూ ఆగి చూడరు. నేను ఆగాను. దాని కుడివైపు నిలువు కమ్మీ మీద కింది నుంచి పైదాకా పెన్సిల్ గీతలున్నాయి. ఒక్కో గీత పక్కన ఒక పిల్ల పేరులోని మొదటి అక్షరం. ఆ ద్వారబంధం ఉండాల్సింది డాక్టరమ్మ గదికి.

లోపలి నుంచి రహీంభాయ్ వచ్చాడు. ఆవిడ క్లినిక్‌లో టోకెన్లు పిలిచేది ఆయనే. గడ్డం తెల్లబడింది గానీ నన్ను గుర్తుపట్టాడు.

"మేడం పోయిన్రమ్మా. రెండు నెలలు అయితుంది. నిద్రలనే పోయిన్రు" అన్నాడు. "బిల్డింగ్ ఇచ్చేసిన్రు. రేపు పదకొండుకి కట్టెలాయన బండి తెస్తడు, గిది తీస్కపోతడు."

నేను ఆ కమ్మీ మీద చెయ్యి పెట్టాను. ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆవిడ లేకపోతే ఇప్పుడు ఎవరు తిడతారు మమ్మల్ని?

బోర్డు మీద ఆవిడ పేరూ డిగ్రీలూ ఉండేవి, కానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళని నేను చూడలేదు. అందరికీ డాక్టరమ్మే. మనిషి పొట్టి. మా అమ్మాయి స్కూల్లో ఏడో తరగతి వరసలో నిలబెడితే కలిసిపోయేంత పొట్టి. గంజి పెట్టిన నేత చీర, కాళ్ళకి మగపిల్లలు వేసుకునే కాన్వాసు బూట్లు. కళ్ళద్దాలు నెత్తి మీదకి తోసుకుని, వాటికోసమే బల్లంతా వెతుక్కునేది. వెతికి పెడితే థాంక్స్ చెప్పేది కాదు, "నువ్వు ముందుగల ఎందుకు చెప్పలే" అని విసుక్కునేది. నవ్వగా చూసినవాళ్ళు తక్కువ.

ఆవిడకి ఒక అలవాటు ఉండేది. "మందు ఇస్తున్నామండీ" అన్న మాట వింటే అరచెయ్యి పైకెత్తేది, ట్రాఫిక్ పోలీసు ఆపినట్టు. "నోటితోని చెప్పకు. చేసి చూపియ్యి" అనేది. డ్రాయర్‌లోంచి ఖాళీ పంపు, దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం తీసి చేతిలో పెట్టేది. ఉబ్బసం ఉన్న పిల్లలకి రోజూ లోపలికి పీల్పించే మందు ఆ పంపులోంచే వెళ్తుంది. టై కట్టుకున్న తండ్రులు, పట్టుచీరల అమ్మమ్మలు, అందరూ ఆవిడ ముందు ఆ గొట్టాన్ని మూతికి పెట్టుకుని బుగ్గలు పూరించి ఊపిరి పీల్చి చూపించాల్సిందే. తలుపు తెరిచే ఉంచేది, బయట బెంచీల మీద వాళ్ళు చూసి నవ్వుకునేవారు, వాళ్ళ టోకెన్ పిలిచేదాకా.

మా ఆయన మైత్రీవనంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతారు. మైకు పట్టుకుంటే హాలు హాలంతా నోరు మూసుకుని వింటుంది. అలాంటి మనిషి ఆవిడ ముందు పంపుని తలకిందులుగా పట్టుకున్నారు.

"సార్, మీరు ఏం జెప్తరు పిల్లలకు?" అని అడిగింది.

"టెస్టింగ్ అండి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్."

"గిది సుత టెస్టింగే. ఫెయిల్ అయిన్రు. మళ్ళ చెయ్యండ్రి."

మా నిత్యకి అప్పుడు ఏడేళ్ళు. అప్పటికే రెండుసార్లు ఆసుపత్రిలో పడుకుని వచ్చింది. పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు, పరిగెత్తితే దగ్గు, స్కూల్లో ఆటల పీరియడ్ అంటే గట్టు మీద కూర్చోవడం. డాక్టరమ్మ రెండు పంపులు ఇచ్చింది. నీలం మూతది ఆయాసం వచ్చినప్పుడు. గోధుమరంగు మూతది రోజూ రెండు పూటలా, బాగున్నా బాగోకపోయినా, నెలల తరబడి. అందులో ఉన్నది స్టెరాయిడ్ అని ఆవిడే చెప్పింది, మేం అడక్కముందే.

ఆ మాటకి మా అత్తగారి ముఖం మాడిపోయింది.

అత్తగారి భయం ఊరికే వచ్చింది కాదు. మా ఆయన పొట్టి. వాళ్ళ ఊరు తణుకులో చుట్టాలందరూ ఆయన్ని చిన్నప్పుడు ఏమని పిలిచేవారో ఆవిడ ఇప్పటికీ నోటితో అనదు. పెళ్ళిచూపుల్లో కొందరు ఆడపిల్లల తల్లులు కాఫీ తాగి, ఆయన్ని ఒకసారి లేచి నిలబడమన్నారట. నేను ఒప్పుకున్నానంటే ఆయన్ని కూర్చుని ఉండగా చూశాను కాబట్టి అని నేను ఏడిపిస్తుంటాను. అత్తగారు ఆ హాస్యానికి ఎన్నడూ నవ్వలేదు. మనవరాలు మాత్రం పొడుగ్గా ఎదగాలి, అదే ఆవిడ కోరిక.

"స్టెరాయిడ్ వాడితే పిల్లలు ఎదగరంటారు కదండీ. నిజమేనాండీ?" అని అడిగింది.

ఇంకో డాక్టరైతే అబ్బే అలాంటిదేం లేదమ్మా అని పంపేసేవారు. ఈవిడ కళ్ళద్దాలు నెత్తి మీదకి తోసి అత్తగారి వైపు తిరిగింది.

"ఎదుగుడు ఆగదు పెద్దమ్మా. జర తగ్గొచ్చు. అందరికీ గాదు. తగ్గితే గింత" అని చూపుడువేలి గోరు చూపించింది. "ఊపిరి అందక రాత్రంత కూసున్న పిల్ల సుత ఎదగదు. గది మాత్రం నన్ను ఎవ్వరు అడగరు."

తర్వాత నిత్యని చెప్పులు విప్పించి ద్వారబంధానికి ఆనించింది. "సక్కగ నిలబడు. మడమలు ఆనియ్యి. గాలి లోపలికి తీస్కో." నెత్తి మీద చెక్క స్కేలు అడ్డంగా పెట్టి, చెవి వెనక దోపుకున్న పెన్సిల్‌తో ఒక గీత గీసి, పక్కన 'ని' అని రాసింది. ఆ పంపు వాడే ప్రతి పిల్లకీ వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. పొడుగు పిల్లలకి అందక, మూలనున్న చిన్న ఎర్ర స్టూలు కాలితో లాక్కుని ఎక్కేది. "మీకు భయమున్నది కదా. నాకు సుత ఉన్నది. ఇద్దరం కలిసి చూస్కుందం. తక్కువైతే నేను మందు తగ్గిస్త. తగ్గించుడు నా పని, ఆపుడు నా పని. ఇచ్చుడే మీ పని."

మా అత్తగారు ఆ మాటల్లోంచి ఒక్క గోరు మాత్రమే ఇంటికి తెచ్చుకుంది.

ఆ సంగతి నాకప్పుడు తెలీదు. నేను పొద్దున్నే వెళ్ళిపోయేదాన్ని, వచ్చేసరికి చీకటి పడేది. రెండు పూటలా మందిచ్చే పని అత్తగారిదే. "ఇచ్చారా అత్తయ్యా" అంటే "ఇచ్చానమ్మాయ్" అనేది. పంపునీ గొట్టాన్నీ దేవుడి గూట్లో స్టీలు డబ్బాలో పెట్టేది. గొట్టం అద్దంలా మెరుస్తుండేది, ఎంత శుభ్రమో ఈవిడకి అని మా అక్కతో ఫోన్లో గొప్పగా చెప్పాను కూడా. పిల్ల బాగానే ఉంది. వేసవి అంతా దగ్గు లేదు. అత్తగారికి అదే ధైర్యం. బాగున్న పిల్లకి మందెందుకు?

వానలు మొదలైన ఒక ఆదివారం నేను కూరలకి కిందికి దిగాను. మాది అమీర్‌పేటలో హాస్టళ్ళ మధ్య సందు. కిందింటి అమ్మాయిలతో రెండు మాటలు మాట్లాడి, మెట్లెక్కుతుండగానే సాంబ్రాణి వాసన వచ్చింది. మామూలుగా అయితే ఆ వాసనకి మనసు కుదుటపడుతుంది. ఆ రోజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

అగరొత్తులు వద్దు, దోమల చుట్టలు వద్దు అని డాక్టరమ్మ చెప్పినవన్నీ అత్తగారు మానేసింది. కానీ ఆవిడ లెక్కలో సాంబ్రాణి పొగ కాదు, జలుబుకి మందు. తలంటి పోశాక ఆడపిల్ల జుట్టు ఆరబెట్టి సాంబ్రాణి వెయ్యకపోతే పడిశం పడుతుందని ఆవిడ నమ్మకం. వాన పడుతోందని కిటికీలు వేసేసింది. నిప్పుల కుంపటి మీద వెదురు గంప బోర్లించి, దాని మీద నిత్య ఒత్తు జుట్టంతా పరిచి, ప్రేమగా వేళ్ళతో విడదీస్తోంది. పిల్ల మాత్రం భుజాలు పైకి లేపి కూర్చుంది. మెడ దగ్గర గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది.

"నా... నమ్మా" అంది. ఆ ఒక్క మాటకి మధ్యలో ఒకసారి ఆగింది.

కిటికీలు తెరిచి, పిల్లని వరండాలోకి లాక్కొచ్చి నీలం పంపు ఇచ్చాను. కొంచెం తేరుకుంది, అంతలోనే మళ్ళీ ఎగశ్వాస. ఆదివారం మధ్యాహ్నం దాకా డాక్టరమ్మ క్లినిక్ ఉంటుంది. పిల్లని ఎత్తుకుని ఆటో ఎక్కాను. అత్తగారు తడి చేతులతోనే వెనకాల వచ్చి ఎక్కింది, ఆ స్టీలు డబ్బా ఒళ్ళో పెట్టుకుని.

అప్పటికి మెట్రో స్తంభాలు లేచాయి గానీ రైలు రాలేదు. రోడ్డంతా తవ్వేసి రేకులు అడ్డం పెట్టారు. ఆటో కదలదు. ముందు బస్సు, పక్కన మట్టి లారీ. నేను రహీంభాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన నా గొంతు వినగానే మారుమాట లేకుండా ఫోన్ ఆవిడకి ఇచ్చాడు.

"నువ్వు మాట్లాడకు. పిల్లకు ఇయ్యి ఫోను" అంది. స్పీకర్ పెట్టాను. "నిత్యా, ఇయ్యాల పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఇడ్... లీ."

"ఎన్ని?"

నిత్య జవాబు చెప్పలేదు. రెండు వేళ్ళు చూపించింది. ఫోన్‌కి వేళ్ళు కనిపించవు కదా. "రెండని వేళ్ళు చూపిస్తోందండి" అన్నాను.

"మూతి రంగు ఎట్లున్నది, చెప్పు" అంది నాతో.

"మామూలుగానే ఉందండి. పాలిపోయింది."

"నీలి రంగు వస్తే నా దగ్గరకు రాకు, దోవలనే పెద్దాసుపత్రి ఉన్నది, గక్కడ దిగు. లేకుంటే సీదా వచ్చెయ్యి. నీలం పంపు గొట్టానికి పెట్టు. ఒక్కసారి కొట్టు, మెల్లగ పీల్చనియ్యి. తొందరపడకు. మళ్ళ కొట్టు. ఫోన్ పెట్టకు, నేను వింటున్న."

ఆటోలో నేను మందు కొడుతుంటే ఆవిడ అవతలి నుంచి లెక్కపెడుతూ ఉంది. తిట్టలేదు, ధైర్యం చెప్పలేదు. లెక్క మాత్రమే. డ్రైవర్ అన్న హారన్ కొట్టడం మానేసి, దిగి, లారీ వాడి కిటికీ మీద చరిచి దారి ఇప్పించాడు.

మేం వెళ్ళేసరికి ఆవిడ రోడ్డు మీద నిలబడి ఉంది, కళ్ళద్దాలు నెత్తి మీద, కొంగు నడుములో దోపుకుని. పిల్లని నా చేతుల్లోంచి ఒక్క లాగు లాక్కుంది. అంత చిన్న మనిషికి అంత బలం ఎక్కడిదో. ముక్కుకి ఆక్సిజన్, మూతికి మందు ఆవిరి పట్టే నెబ్యులైజర్ మాస్కు. "ఇంకో విడతకు తగ్గకుంటే పెద్దాసుపత్రి. బండికి చెప్పి పెట్టిన" అని నాతో అని, ఆ తర్వాత నన్ను చూడనే లేదు. పిల్ల భుజాల మీదే ఆవిడ కళ్ళు. బయట బెంచీల మీద ఒక్కరు కూడా దగ్గలేదు. ఆ మిషను చప్పుడు వింటూ అక్కడ కూర్చున్న ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు.

భుజాలు మెల్లగా దిగాయి. మెడ గుంట లోపలికి పోవడం మానింది. నిత్య కళ్ళు తెరిచి, "రెండు ఇడ్లీలు తిన్నాను" అంది, మొత్తం వాక్యం. డాక్టరమ్మ అప్పుడు కుర్చీలో కూలబడింది. కూర్చుని చెయ్యి చాచింది, డబ్బా ఇమ్మని.

అత్తగారు ఇచ్చింది. ఆవిడ గొట్టం తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టి అటూ ఇటూ తిప్పింది.

"గింత సాఫ్ ఎట్లున్నది?" అంది.

"నేను రోజూ తుడిచి పెడతానండీ" అంది అత్తగారు.

"రోజూ మందు కొట్టినంక ఎంత తుడిచినా లోపల తెల్లగ పట్టుకుంటది పెద్దమ్మా. గీ గొట్టంల నుంచి గోధుమ పంపు పోయి శానా నెలలైంది." ఆవిడ గొంతు పెద్దది కాలేదు. పెద్దదైనా బాగుండేది. "పొగ ఎవరు ఏసిన్రు?"

నాకు కోపం ఎంతగా వచ్చిందంటే, నోరు తెరిస్తే పెద్దావిడని ఏమనేస్తానో అని పళ్ళు బిగబట్టాను. అత్తగారు గోడ వైపు చూస్తోంది.

"నేనే వెయ్యమన్నాను. నాకు ఆ వాసన ఇష్టం" అంది నిత్య, మాస్కులోంచి.

అది అబద్ధమని అందరికీ తెలుసు. డాక్టరమ్మ దాని తడి జుట్టు మీద చెయ్యి పెట్టింది. "మంచిది. అడిగే నోరున్నది నీకు. ఇప్పటి సంది పంపు సుత నువ్వే అడుగు" అంది.

చాలాసేపు మమ్మల్ని అక్కడే ఉంచుకుంది. మింగడానికి మందిచ్చి, వీపు మీద స్టెతస్కోప్ పెట్టి మళ్ళీ మళ్ళీ విని, ఇక పంపేస్తుందనగా పిల్లని ద్వారబంధం దగ్గరికి నడిపించింది.

"ఇవాళ కూడా ఎందుకండీ?" అన్నాను.

"ఇయ్యాలనే" అని, చెవి వెనక పెన్సిల్ తీసి మా అత్తగారి చేతిలో పెట్టింది. "మీరు గియ్యండి పెద్దమ్మా. భయపడ్డది మీరు. మీరే చూస్కోండి."

అత్తగారు స్కేలు పెట్టింది గానీ చెయ్యి నిలబడలేదు. గీత ఎడమ నుంచి మొదలై వంకర్లు పోతూ కిందికి జారింది. గీసి, తలెత్తకుండా పక్కకి నిలబడింది. డాక్టరమ్మ ఆ గీతని చెరపలేదు.

అప్పుడు ఆవిడ చేసిన పనికి నేను ఆవిడ మీద కూడా మండిపడ్డాను. "ఇప్పటి సంది మందు ఇచ్చుడు మీ పనే" అంది అత్తగారితో.

"ఆవిడకే మళ్ళీ ఎలా అప్పజెప్తారండీ?" అన్నాను. "నేను ఉద్యోగం మానేసైనా ఇచ్చుకుంటాను. మళ్ళీ ఇలాంటిదైతే?"

ఆవిడ అరచెయ్యి పైకెత్తింది. "నువ్వు మర్చిపోతవ్. పది పనులు నీకు. పిల్ల బాగుంటే నువ్వు సుత మర్చిపోతవ్. ఇయ్యాల గీ ఆటోల కూసున్న మనిషి ఒక్క పూట మర్చిపోదు. కావాలంటే రాసిస్త."

ఆ మాట నాకు వారం రోజులు గుచ్చుకుంది. అత్తగారితో నేను మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు. పొద్దున్నే దేవుడి గూట్లోంచి డబ్బా తీసి, పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మందు కొట్టి, లెక్కపెట్టి, నోరు పుక్కిలింపజేసి ఉమ్మించి, ఆ తర్వాతే దీపం పెట్టేది. చుట్టాలు వచ్చినా ఆగేది కాదు. "స్టెరాయిడా పిన్నీ, అంత చిన్నపిల్లకా" అని తణుకు నుంచి వచ్చిన ఒకావిడ నోరు నొక్కుకుంటే, అత్తగారు అరచెయ్యి పైకెత్తింది. నేను వంటింట్లోకి పోయి నవ్వుకున్నాను. కోపం ఆ రోజే పోయింది.

క్లినిక్‌కి తీసుకెళ్ళడం కూడా ఆవిడ పనే అయింది. వెళ్ళినప్పుడల్లా గీత ఆవిడే గీసేది. ఇద్దరూ కలిసి కళ్ళద్దాలు వెతుక్కునేవారట. మందు మెల్లమెల్లగా తగ్గింది, డాక్టరమ్మ తగ్గించినప్పుడే తగ్గింది. నిత్య ఏడో తరగతిలో ఉండగా ఒక రోజు "ఇగ ఆపుదం, మళ్ళ అవసరమైతే చూద్దం" అందట. ఆపమంటే అత్తగారికి నచ్చలేదు. ఎందుకు ఆపడం, బాగానే ఉంది కదా అని ఆవిడతో వాదించి వచ్చింది.

శనివారం ఇంటికొచ్చి విషయం చెప్పాను. ద్వారబంధం ఫోటో చూపించాను. అత్తగారు ఫోన్‌ని దూరంగా పట్టుకుని చూసి తిరిగి ఇచ్చేసింది. ఆ రాత్రి సరిగా తినలేదు. పొద్దున్నే స్నానం చేసి, నిత్యని లేపి, "పద" అంది.

కట్టెలాయన బండి అప్పటికే వచ్చి ఉంది. రహీంభాయ్ ఆయనతో ఏదో చెప్పి ఆపాడు. అత్తగారు ఆ కమ్మీని వేలితో తడుముకుంటూ వెళ్ళి ఒక దగ్గర ఆగింది. అక్కడ 'ని' పక్కన గీత వంకరగా, కిందికి జారి ఉంది. దాని పైన ఒకదాని మీద ఒకటి, అన్నీ ఆవిడ గీసినవే.

"దీన్ని నిలబెట్టగలవా బాబూ?" అని కట్టెలాయన్ని అడిగింది.

ఆయనొక పక్క, రహీంభాయ్ ఒక పక్క పట్టుకుని ద్వారబంధాన్ని ఫుట్‌పాత్ మీద నిటారుగా నిలబెట్టారు. దారిన పోయేవాళ్ళు తప్పుకుని పోతున్నారు. నిత్య చెప్పులు విప్పి, వెళ్ళి ఆనుకుని నిలబడింది. అత్తగారు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పెన్సిల్ తీసి చెయ్యెత్తింది. ఈమధ్య భుజం నొప్పితో ఆవిడ చెయ్యి పూర్తిగా లేవదు, దానికి తోడు నిత్య ఎత్తు. పెన్సిల్ పిల్ల చెవి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"అందట్లేదే" అంది అత్తగారు. ఇంకోసారి ప్రయత్నించింది. "అమ్మాయ్, నాకు అందట్లేదు."

రహీంభాయ్ తన వైపు కమ్మీ నాకు అప్పజెప్పి, లోపలికి వెళ్ళి ఎర్ర స్టూలు తెచ్చి వేశాడు. అత్తగారు నా భుజం పట్టుకుని ఎక్కింది. నానమ్మకి సులువవుతుందని నిత్య మోకాళ్ళు కొద్దిగా వంచింది.

"వంగకు" అంది అత్తగారు, తణుకు మనిషి, డాక్టరమ్మ గొంతుతో. "సక్కగ నిలబడు. గాలి లోపలికి తీస్కో."

నిత్య నిలబడి నిండుగా ఊపిరి పీల్చుకుంది. అత్తగారు గీత గీసింది.